మా ఇంటి విటమిన్, కాల్షియం బిళ్ళలు: ఏళ్ళ తరబడి వాడాక చెప్తున్నా

మాది గుంటూరు బ్రాడీపేట. నాకు డి3, ఐరన్, అత్తయ్యకి కాల్షియం, మా ఆయనకి షుగర్ బిళ్ళతో పాటు బి12, ఇలా ముగ్గురికీ ఏదో ఒకటి నడుస్తూనే ఉంటుంది. ఏ కంపెనీ మంచిది అని అందరూ అడుగుతారు గానీ షాపులో ఈ నెల ఉన్న కంపెనీ వచ్చే నెల ఉండదు, అందుకే నేను డబ్బా తిప్పి వెనక చదివి తీసుకుంటా.

కాల్షియం దగ్గరే ఎక్కువ మాయ ఉంది. ముందు పెద్దక్షరాల్లో కాల్షియం కార్బొనేట్ 1250 ఎంజీ అని ఉంటుంది, అందులో అసలు కాల్షియం 40 శాతమే, అంటే 500. "ఎలిమెంటల్ కాల్షియం" ఎంతో విడిగా రాయకపోతే నేను ముట్టుకోను. కాల్షియం సిట్రేట్ అనే ఇంకో రకంలో ఇంకా తక్కువ, దాదాపు 21 శాతం, అందుకే ఆ బిళ్ళ గొంతు దిగనంత లావుంటుంది, కాకపోతే ఖాళీ కడుపున వేసుకున్నా పర్లేదు, కార్బొనేట్ మాత్రం అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. అత్తయ్యకి కార్బొనేట్‌తో గ్యాసు, మలబద్ధకం పట్టుకుంటే డాక్టరుగారు సిట్రేట్‌కి మార్చారు, ఇప్పుడు హాయిగా ఉన్నారు. ఆవిడ పొద్దున్నే థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు కాబట్టి కాల్షియానికి దానికీ నాలుగ్గంటలన్నా తేడా ఉండాలి, ఈ ముక్క షాపులో ఎవరూ చెప్పరు. సర్వింగ్ సైజు కూడా చూడండి, ఒక డబ్బా మీద 1000 అని ఉంటే సంబరపడ్డాం, తీరా చూస్తే అది రెండు బిళ్ళలకి కలిపి రాసిన లెక్క.

ఇక లైసెన్సు. మందుగా అమ్మేదాని మీద తయారీ లైసెన్సు నంబరుంటుంది, ఫుడ్ సప్లిమెంట్ అయితే ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) గుర్తు, 14 అంకెల నంబరు, "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అన్న మాట ఉండాలి. షాపువాళ్ళు రెండూ ఒకే అరలో పెడతారు, మనమే చూసుకోవాలి. ఆ 14 అంకెలు ఫాస్కాస్ అనే వాళ్ళ లైసెన్సుల సైట్లో కొడితే లైసెన్సు ఎవరి పేరు మీదుందో వస్తుంది. నంబరున్నంత మాత్రాన లోపలి సరుకుని బ్యాచ్ బ్యాచ్‌కీ ఎవరో పరీక్ష చేశారని కాదు, కానీ ఆ నంబరు కూడా లేనివాడిని నమ్మడం దేనికి?

డి3 లెక్క మనకలవాటైన ఐయూ (యూనిట్లు) బదులు ఎంసీజీల్లో, అంటే మైక్రోగ్రాముల్లో రాసి కంగారు పెడతారు, 25 ఎంసీజీ అంటే 1000 ఐయూ అంతే. 60,000 ఐయూ ప్యాకెట్ మాత్రం డాక్టరు చెప్పినన్ని వారాలు, వారానికొకటే. మా వీధిలో ఒక పిన్నిగారు ఓఆర్ఎస్ తాగినట్టు రోజూ పాలల్లో కలుపుకోబోతుంటే ఆపాం, ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీద పడుతుంది. ఐరన్ సంగతి తెలిసిందే, టీతో వద్దు, కాల్షియంతో కలిపి వద్దు, విరేచనం నల్లగా అయితే భయపడొద్దు.

జుట్టుకోసం గమ్మీలు, అదే చాక్లెట్లలా నమిలే మెత్తటి విటమిన్ బిళ్ళలు! మా ఆడపడుచు కూతురు ఆన్‌లైన్లో తెప్పించింది, మే నెల ఎండలో ఆ పార్సిల్ ఎక్కడెక్కడ తిరిగిందో, సీసా మూత తీస్తే అన్నీ కరిగి ఒకే ముద్ద, స్పూన్‌తో పొడిచినా ఊడిరాలేదు, తిరిగి తీసుకోమంటే కుదరదన్నారు. అందులో బయోటిన్ అనే బి విటమిన్ 10,000 ఎంసీజీ, పెద్దవాళ్ళకి రోజుకి 30, 40 చాలు. అంత బయోటిన్ ఒంట్లో ఉంటే థైరాయిడ్ టెస్టు కూడా తప్పుగా రావచ్చు, కాబట్టి రక్తమిచ్చే ముందు ల్యాబులో చెప్పండి.

మా ఆయన బి12 సంగతికొస్తే, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ బిళ్ళ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకి బి12 తగ్గే అవకాశముంది, ఆయనకి టెస్టు చేయించి తక్కువని తేలాకే మొదలుపెట్టాం. షాపులో నరాల బిళ్ళ అని ఇచ్చేవాటిలో బి6 ఎంతుందో చూడండి, అది పెద్ద డోసులో చాలాకాలం వాడితే అదే తిమ్మిర్లు తెప్పిస్తుంది, తిమ్మిర్లు తగ్గుతాయని వేసుకున్న బిళ్ళే! అందుకే బి12 ఒక్కటే ఉన్న మామూలు షీటు తెచ్చుకుంటున్నాం, ధర కూడా తక్కువే.

మార్కులంటారా, బి12 షీటుకి అయిదుకి అయిదు, గమ్మీలకి సున్నా, అత్తయ్య సిట్రేట్‌కి నాలుగు, ఆ బిళ్ళ లావుకి ఒకటి కోసేశా.