కత్తికి తోలు ఒర చేయించుకుంటున్నారా? అంచుకి నల్లరంగు పూసి ఉంటే ఆగండి

చేత్తో చేయించుకున్న కత్తికి తోలు ఒర కోసం చూస్తున్నవాళ్ళు, ముఖ్యంగా ఫోన్లో ఫొటోలు చూసి ఆర్డరు ఇచ్చేవాళ్ళు, డబ్బులు పంపే ముందు ఇది చదవండి. విజయనగరంలో ఒకాయన దగ్గర నేను 1,850 రూపాయలు పెట్టి ఒర చేయించుకున్నాను. డబ్బులతో పోయినా బాగుండేది. కత్తి అలుగు మీద వేలితో తడిమితే తెలిసేలా గుంటలు పడ్డాయి, నా కుడి తొడ మీద రెండంగుళాల గీత పడింది, ఒక టీటీ ఇంజక్షన్ అయింది. ఆయన పేరు రాయడం లేదు. సరుకుని గుర్తుపట్టడం తెలిస్తే పేరుతో పనిలేదు.

ముందు కత్తి సంగతి చెప్పాలి, లేకపోతే నా బాధ అర్థం కాదు. మాది శ్రీకాకుళం జిల్లా మందస వైపు జీడి తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు జీడి చెట్లతో పాటు నాన్న నాటిన పనస కూడా వేళ్ళతో సహా లేచిపోయింది. దాని మొద్దులోంచి ఒక ముక్క కోయించి అటక మీద పెట్టాను. ఇన్నాళ్ళకి ఊరి కమ్మరి తాతతో పాత లారీ కమాన్ పట్టీ ముక్కని కాల్చి సాగగొట్టించి, ఐదంగుళాల అలుగు చేయించి, ఆ పనస చేవతో పిడి వేయించాను. పసుప్పచ్చని పిడి, బరువు తెలియని కత్తి. కోత అయ్యాక జీడి చెట్లకి ఎండు పుల్లలు, తీగలు కోయడానికి ఇంతకంటే మంచిది నా చేతిలో ఎప్పుడూ లేదు. ఒకటే చిక్కు, ఇది స్టెయిన్‌లెస్ కాదు. కమాన్ పట్టీ ఉక్కు పదును బాగా నిలబెట్టుకుంటుంది గానీ చెమ్మ తగిలితే ఊరుకోదు. నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే అన్నం తిని వచ్చేలోపు మచ్చ పడుతుంది.

అందుకే ఒర మంచిది ఉండాలనుకున్నాను. పోయిన ఆషాఢంలో విజయనగరం వెళ్ళే పని పడితే కత్తి పట్టుకునే వెళ్ళాను. ఆయన కత్తిని కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీత గీసుకున్నాడు, రెండు ఫొటోలు తీసుకున్నాడు, అంతే. వెజ్ ట్యాన్ తోలు (అంటే చెట్టు వగరుతో పదును చేసినది), మూడు మిల్లీమీటర్ల మందం, చేతి కుట్టు, ఇత్తడి రివెట్లు అన్నాడు. ఈ నాలుగు మాటలూ గుర్తుపెట్టుకోండి, నాలుగూ అబద్ధాలే. వెయ్యి రూపాయలు అక్కడే ఫోన్‌లో కొట్టాను. మిగతా 850 పార్సిల్ పంపే ముందే తీసుకుని, వారం తర్వాత ఆర్టీసీ కార్గోలో వేశాడు.

విప్పి చూస్తే నిజంగా ముచ్చటేసింది. చాక్లెట్ రంగు, నిగనిగలాడే పైభాగం, అంచు చుట్టూ నల్లగా నున్నగా రంగు. మా ఆవిడ కూడా "ఇది మీ కత్తికి ఎక్కువే" అంది. కొత్త సోఫా కొన్నప్పుడు వచ్చే లాంటి వాసన మాత్రం ఒకటి ఉంది. నేను పట్టించుకోలేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. అమ్మాయి కాలేజీ అడ్మిషన్ పని మీద విశాఖపట్నం వెళ్తూ కత్తిని ఒరలోనే పెట్టి, తలుపు వెనక మేకుకి తగిలించి వెళ్ళాను. పదకొండు రోజులు ఇల్లు మూసి ఉంది. వచ్చి లాగితే కత్తి ఒక పట్టాన రాలేదు. వచ్చాక చూస్తే అలుగుకి రెండు వైపులా కాఫీపొడి చల్లినట్టు తుప్పు. అది కూడా ఎక్కడ పడితే అక్కడ కాదు, తోలు ఆనుకున్న మేర మాత్రమే. ఒర బయట ఉండే పిడి మొదట్లో ఉక్కు తళతళలాడుతూనే ఉంది. ఒర నోరు దాటి లోపలికి వెళ్ళిన దగ్గర్నుంచి గీత గీసినట్టు గోధుమరంగు మొదలైంది.

ఫోన్ చేశాను. "సార్, తోలు అన్నాక చెమ్మ పీలుస్తుంది. పైగా మీది సముద్రం పక్కన" అన్నాడు. ఈ మాటలో సగం నిజం ఉంది, అదే నన్ను ముంచింది. ఏ తోలు ఒర అయినా చెమ్మ పట్టుకుంటుంది, ఉక్కు కత్తిని రోజుల తరబడి అందులో ఉంచకూడదు. సరే మన పొరపాటే అనుకుని, సన్న గరుకు కాగితంతో రుద్ది నూనె రాసుకున్నాను. కమ్మరి తాతకి చూపిస్తే, "ఏటి బాబూ, ఉప్పులో పెట్టీసినావేటి?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. అప్పుడే ఆ మాట పట్టుకోవాల్సింది.

రెండో దెబ్బ నాలుగు రోజుల తర్వాత తగిలింది. ఒర నడుముకి తగిలించుకుని తోటలో తిరుగుతున్నాను. ఒక కొమ్మ కింద వంగి లేచేసరికి తొడ మీద చురుక్కుమంది. చీమ కుట్టిందనుకున్నాను. ప్యాంటు తడిగా అనిపించి చూసుకుంటే కత్తి మొన కుట్టు తెంపుకుని ఒర పక్క నుంచి అరంగుళం బయటికి వచ్చి ఉంది. బండి మీద వెళ్తూ ఉండగా గానీ, పడినప్పుడు గానీ జరిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడం మానేశాను. ఆసుపత్రి నుంచి వచ్చాక కోపం కొద్దీ ఆ ఒరని వంటింటి గట్టు మీద పెట్టి నిలువునా కోసేశాను.

కోశాక బయటపడినవి ఇవి.

మొదటిది, తోలు రంగు. అంచుకి పూసిన నల్లరంగు గోటితో గీకితే ప్లాస్టిక్ పొరలా ఊడి వచ్చింది. కింద కోత మధ్యలో తోలు నీలంగా, బూడిద కలిసిన నీలంగా ఉంది. పైనా కిందా చాక్లెట్, మధ్యలో నీలం. అది క్రోమ్ తోలు. తోలుకీ కత్తికీ రెండింటికీ మనం పదును చేయడమనే అంటాం, తోలు పదును రెండు రకాలు. ఒకటి తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ లాంటి వాటి వగరుతో వారాల తరబడి నానబెట్టి చేసేది. దాన్నే వెజ్ ట్యాన్ అంటున్నారు. రెండోది క్రోమియం లవణాలతో ఒకటి రెండు రోజుల్లో అయిపోయేది. ప్రపంచంలో ఎక్కువ తోలు ఈ రెండో పద్ధతిలోనే తయారవుతుంది. బూట్లకీ బ్యాగులకీ అది మంచిదే, దాని మీద నాకేం పగ లేదు. కానీ అందులో మిగిలిపోయిన లవణాలు, ఆమ్లం చెమ్మ తగలగానే మామూలు ఉక్కుని తినేస్తాయి. తాత ఉప్పు అన్నది ఊరికే కాదు.

నాకు ఇంకా అనుమానం తీరక సీసా పరీక్ష కూడా చేశాను. తుప్పు మేకులు నాలుగు వెనిగర్‌లో వేసి, మూత బిగించకుండా (గ్యాస్ వస్తుంది, బిగిస్తే ప్రమాదం) మూడు రోజులు ఉంచాను. ఆ నీళ్ళు ఒక చుక్క తోలు మీద వేయాలి. చెట్టు వగరుతో పదును చేసిన తోలైతే చూస్తుండగానే నల్లబడుతుంది. పాతకాలంలో కరక్కాయలో అన్నభేది అనే ఇనుప లవణం కలిపి సిరా చేసేవారు కదా, ఇదీ అదే, వగరుకి ఇనుము తగిలితే నలుపు. చెప్పులు కుట్టే ఆయన దగ్గర తెచ్చిన సోల్ తోలు ముక్క మీద వేస్తే కాటుక పెట్టినట్టు అయింది. నా 1,850 రూపాయల ఒర లోపలి వైపు వేస్తే తడి మచ్చ పడింది, ఆరిపోయింది, అంతే. ఒక మాట, రెండు పద్ధతులూ కలిపి చేసిన తోళ్ళు కూడా ఉంటాయి, అవీ కాస్త నల్లబడతాయి. అందుకని చుక్కతో పాటు కోత రంగు కూడా చూసుకోవాలి.

రెండోది, కుట్టు. చేతి కుట్టులో ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు పెట్టి, ఒకే చిల్లులో అటు నుంచి ఒకటి ఇటు నుంచి ఒకటి దూరుస్తారు. ఒక కుట్టు తెగినా పక్కవి పట్టుకునే ఉంటాయి. మిషన్ కుట్టులో రెండు దారాలు మధ్యలో మెలిపడి ఉంటాయి. నేను ఒక కుట్టు తెంపి కొస లాగితే మల్లెదండలోంచి దారం లాగినట్టు జానెడు మేర వచ్చేసింది.

మూడోది అసలు ప్రమాదం. మంచి ఒరలో ముందు ముక్కకీ వెనక ముక్కకీ మధ్య, కుట్టు వెంబడి సన్నటి తోలు పట్టీ ఒకటి పెడతారు. వెల్ట్ అంటారు. కత్తి వాదర వచ్చి ఆ పట్టీకి తగులుతుంది, దారానికి తగలదు. నా ఒరలో అది లేనే లేదు. రెండు ముక్కలకి సొల్యూషన్ పూసి అతికించి మిషన్ మీద కుట్టేశాడు. కత్తి పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా నేనే నా ఒర దారాన్ని కోసుకుంటూ వచ్చానన్నమాట.

మందం కూడా కొలిచాను, రెండు మిల్లీమీటర్లు దాటలేదు. రివెట్ల సంగతి మరీ సిగ్గు. ఫ్రిజ్ మీది అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అంటుకున్నాయి. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదని బుడితి ఇత్తడి బిందెలు చూస్తూ పెరిగిన జిల్లావాడికి ఎవరైనా చెప్పాలా? కొన్న రోజే చూసుకుని ఉంటే అక్కడే దొరికిపోయేవాడు.

ఫొటోలన్నీ పంపి మళ్ళీ ఫోన్ చేస్తే ఈసారి "మీ కత్తే మోటుగా ఉంది సార్, ఫ్యాక్టరీ కత్తికైతే ఏమీ కాదు" అన్నాడు. తర్వాత కొత్త ఒర మీద 300 తగ్గిస్తానన్నాడు. డబ్బులు వెనక్కి ఇమ్మంటే నంబరు బ్లాక్ చేశాడు.

ఇప్పుడు మీకు చెప్పేది ఒక్కటే, మిగతావన్నీ మర్చిపోయినా పరవాలేదు. ఆర్డరు ఇచ్చే ముందు, "ఏ తోలుతో చేస్తారో ఆ తోలులోంచి రంగు పూయని కత్తిరింపు ముక్క ఒకటి ఇవ్వండి" అని అడగండి. అగ్గిపెట్టె అంత చాలు. దూరమైతే కవర్లో పెట్టి పంపమనండి. తోలు పని చేసేవాడి దగ్గర ముక్కలకి కొదవ ఉండదు, అడిగితే కాదనడానికి కారణం లేదు. ఆ ముక్క కోతలో నీలం కనిపించకూడదు, ఈ వైపు నుంచి ఆ వైపుకి ఒకే గోధుమరంగు ఉండాలి. ముక్క ఇవ్వడానికి సాకులు చెప్తే డబ్బులు పంపొద్దు. అంచు రంగు వేయడం తప్పని నేననను, మంచి పనివాళ్ళు కూడా అంచు నున్నగా రుద్ది రంగు వేస్తారు. కానీ ముక్క చూపించకుండా రంగు వేసిన అంచే చూపించేవాడు అక్కడ ఏదో దాస్తున్నాడు.

ఒర చేతికి వచ్చాక ఇంకొకటి చేయండి. కత్తి అందులో పెట్టి, మంచం మీదకి తలకిందులుగా పట్టి ఊపండి. వెజ్ ట్యాన్ తోలుని తడిపి, కత్తికి ప్లాస్టిక్ కవరు చుట్టి లోపల పెట్టి, వేళ్ళతో నొక్కి ఆకారం తెచ్చి ఆరబెడతారు. ఆరాక ఆ ఆకారం గట్టిగా నిలబడి పిడిని పట్టుకుంటుంది. క్రోమ్ తోలు ఎంత తడిపినా అలా నిలబడదు. నా కత్తి మొదటి ఊపుకే దుప్పటి మీద పడింది. అది చూసి కూడా కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నానంటే నా తెలివికి దండం పెట్టాలి.

ఇప్పటికే నాలా మోసపోయినవాళ్ళు ఉంటే ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను ఫిర్యాదు పెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడి ఊరికి వెళ్ళక్కర్లేదు, మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు కూడా లేదు. ఫోన్‌లో డబ్బులు కొట్టిన రసీదు, చాటింగ్, కార్గో చీటీ దాచుకోండి. "వెజ్ ట్యాన్, చేతి కుట్టు" అనే మాటలు నోటితో కాకుండా మెసేజ్‌లో రాయించుకోండి. నేను ఆ ఒక్క పని మాత్రం చేశాను, ఇప్పుడు పనికొస్తోంది.

చివరికి ఒర ఎక్కడ దొరికిందంటే నరసన్నపేటలో, రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఆయన దగ్గర. సోల్ తోలు పాతకాలం నుంచీ వెజ్ ట్యానే. ఆ ముక్క కోసం వెళ్ళినప్పుడు సంగతంతా చెబితే, "కత్తి తెచ్చీ మావయ్యా, ఇక్కడే కూకో" అన్నాడు. రెండు సాయంత్రాలు పక్కనే కూర్చున్నాను. ఆరెతో ఒక్కో చిల్లూ పొడిచి, దారానికి మైనం రుద్ది, రెండు సూదులతో కుట్టాడు. వెల్ట్ అన్న పేరు ఆయనకి తెలీదు గానీ, నేను అడగకముందే "కత్తి నోటికి దారం అందకూడదు" అని మధ్యలో పట్టీ పెట్టాడు. 450 తీసుకున్నాడు. నిగనిగలు లేవు, రంగు లేదు, ఒక మూల కాస్త వంకర కూడా ఉంది. తలకిందులు చేసి ఊపితే కత్తి కదల్లేదు.

అయినా ఇంటికి రాగానే కత్తి బయటికి తీసేస్తున్నాను. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫిన్ నాలుగు చుక్కలు రాసి పొడి గుడ్డలో చుడతాను, ఒర ఒక్కటే మేకుకి ఉంటుంది. పాత ఒర ముక్కలు మాత్రం పారేయలేదు. శ్రీకాకుళం వైపు ఎవరికైనా ఆ నీలి అంచు ఎలా ఉంటుందో కళ్ళారా చూడాలని ఉంటే చెప్పండి, ఒక ముక్క కోసి ఇస్తాను.