గుచ్చుకోని గొంగడి నాకెందుకు

గొంగడి వెచ్చగా ఉంటుందని చెప్పడానికి సమీక్ష అక్కర్లేదు. మెడ దగ్గర గుచ్చుకుంటుందనీ, కొత్తలో గొర్రె వాసన వేస్తుందనీ కూడా అందరికీ తెలిసిందే. గొంగడి కొని వాటి గురించి గొణగడమంటే గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడమే. నేను రాస్తున్నది వాన సంగతి.

నాది మెదక్ వైపు ఒక కురుమ కుటుంబం గుంటమగ్గం మీద నేసిన నల్ల గొంగడి. అద్దకం లేదు, ఆ నలుపు గొర్రెదే. కొత్తలో అట్టలా బిర్రుగా ఉండేది, మడతపెడితే మళ్లీ విచ్చుకునేది. రాత్రిపూట కరెంటొచ్చినప్పుడు మోటరు వేయడానికి తలమీదుగా కప్పుకుని పొలానికి పోయేవాణ్ణి. ఒకసారి బావి దగ్గర వాన పట్టుకుంది. షెడ్డులోకొచ్చి బ్యాటరీ లైటు వేసి చూస్తే, నీటిబొట్లు ఉన్ని వెంట్రుకల కొసలమీదే నిలబడి ఉన్నాయి. దులిపితే రాలిపోయాయి. లోపల చొక్కా పొడిగా ఉంది.

ఎందుకో తర్వాత అది నేసినవాళ్లింట్లో నేత చూస్తే తెలిసింది. పడుగును, అంటే నిలువు పోగుల్ని, బారుగా సాగదీసి, చింతగింజల గంజి కుంచెతో పట్టిస్తారు. ముతక పోగు తెగకుండా గట్టిపడుతుంది, నేత దగ్గరగా పడుతుంది. ఉన్నికి పుట్టుకతో వచ్చిన జిడ్డు ఎలాగూ ఉంటుంది. గంజి, జిడ్డు, ముతక ఉన్ని. మెడను గీరేదీ అదే, వాననాపేదీ అదే.

ఇక నా కడుపుమంట. ఇంట్లో పెళ్లి హడావుడిలో ఎవరో దానిమీద నూనె ఒలకబోశారు. పట్నంలో ఒక లాండ్రీకి ఇచ్చాను. చల్లనీళ్లలో జాడించి నీడన ఆరేయాలి, మెషిన్లో వేయొద్దు అని రసీదుమీద రాయించి మరీ ఇచ్చాను. వాళ్లు వేడినీళ్లు పెట్టి, సబ్బుపొడి పోసి, మెషిన్లోనే తిప్పారు. ఉన్ని పోగుకు సన్నటి పొలుసులుంటాయి. వేడీ, సబ్బూ, కుదుపూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఇక విడవవు. పాదాల దాకా వచ్చే గొంగడి మోకాళ్ల దగ్గర ఆగింది. నేత జాడే కనపడటం లేదు. "ఎంత మెత్తగా అయిందో చూడండి సార్!" అన్నాడు కౌంటర్లో అబ్బాయి, మెప్పు కోసం చూస్తూ. నిజమే, పిల్లికూన కూడా పడుకోవచ్చు. ముద్దకట్టిన ఉన్ని నీళ్లను ఇంకా బాగా ఆపాలి కదా అని మీరు అడగొచ్చు. జిడ్డు ఉంటే ఆపేదేమో, అది కూడా సబ్బుతో పోయింది. మొదటి వానకే భుజాలు తడిశాయి.

పట్టుకెళ్లి మళ్లీ గంజి పెట్టమంటే నేసిన పెద్దాయన చేత్తో నలిపి చూసి, "గంజి పడుగుకు పెడ్తం బిడ్డా. నేసినంక పూస్తే పైపైన్నే ఉంటది, రాలిపోతది" అన్నాడు. కొత్తది నేయమంటే ఉన్ని లేదన్నాడు. మాంసం కోసం పెంచే, ఉన్ని రాని గొర్రెలే ఇప్పుడు మందల్లో ఎక్కువ.

వాననాపుతుందన్నాను కదా, అది జల్లుకీ, కాసేపటి వానకీ. ముసురు పట్టిందంటే చెడని గొంగడి కూడా నీళ్లు తాగుతుంది. అప్పుడు దాని బరువుకు భుజాలు లాగేస్తాయి, ఆరడానికి రెండు మూడు రోజులు, ఆ రోజుల్లో దాని పక్కన ఎవరూ కూర్చోరు. రెయిన్‌కోటు నేనేం పారేయలేదు. ఎండకు భుజాల దగ్గర నలుపు గోధుమరంగులోకి తిరిగింది. పెట్టెలో పెట్టి మరిచిపోతే పురుగు కొట్టేస్తుంది, అప్పుడప్పుడూ ఎండలో వేసి దులపాల్సిందే.

నాకు పొలం ఉంది, ఆరేయడానికి డాబా ఉంది, కాబట్టి ఈ తిప్పలు చెల్లాయి. ఫ్లాటులో ఏసీ చలికి కప్పుకోవడానికైతే నా మాట విని కొనొద్దు, మెత్తటి శాలువా చాలు. చర్మం సున్నితమైనవాళ్లు నిండుచేతుల చొక్కామీద ఓ గంట కప్పుకుని చూశాక డబ్బులివ్వండి. వాన కోసమే కొనేవాళ్లయితే, "ఇది అస్సలు గుచ్చుకోదు" అని కొట్లో చెప్పినప్పుడు పడుగుకు గంజి పెట్టారో లేదో అడగండి.