నిఖత్ ఓడిన రోజు మేం తిరుపతిలో: రూమ్, మెట్ల దారి, మ్యాచ్ చూసిన చోట్లు

తిరుపతిలో రూమ్ దొరికితే మొదట నీళ్ళు వస్తున్నాయా, బస్సు దగ్గరేనా అని చూస్తారు ఎవరైనా, మేం మాత్రం ఈసారి టీవీలో స్పోర్ట్స్ ఛానల్ వస్తుందా అని అడిగాం. 300 రూపాయల దర్శనం టికెట్లు మూడు నెలల ముందే తీసేసుకున్నాం, శుక్రవారం మధ్యాహ్నం స్లాట్, తర్వాత పారిస్ ఒలింపిక్స్ డ్రా వచ్చాక చూస్తే ముందు రోజే, అంటే 2024 ఆగస్టు 1 గురువారం, బాక్సర్ నిఖత్ జరీన్ ప్రీక్వార్టర్స్ బౌట్ పడింది. దర్శనం మానుకోలేం, బౌట్ అసలే మానుకోలేం. మాది వైజాగ్, నిఖత్ పుట్టింది నిజామాబాద్ లో అయినా చిన్న వయసులో మా ఊరి సాయ్ (స్పోర్ట్స్ అథారిటీ) సెంటర్ లో ఐ. వెంకటేశ్వరరావు గారి దగ్గర తర్ఫీదు తీసుకుంది కాబట్టి ఆమె మీద మాకూ హక్కుందని మా బావమరిది గట్టిగా నమ్ముతాడు, నేనూ అంతే.

స్టే విషయానికొస్తే, స్టేషన్ ఎదురుగా దేవస్థానం వాళ్ళ విష్ణు నివాసం, బస్టాండ్ ఎదురుగా శ్రీనివాసం, రెండూ రేటుకి తగ్గట్టు చాలా నయం, కానీ ఆన్‌లైన్ లో ముందే పట్టాలి, మాకు దొరకలేదు. స్టేషన్ దగ్గరే ఒక ప్రైవేట్ లాడ్జిలో దిగాం. శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళు తెల్లవారుజామున మాత్రమే, లిఫ్ట్ నెమ్మది. వైఫై ఉందని బోర్డు పెట్టారు గానీ రూములో ఒక్క నిమిషం కూడా నిలబడలేదు, డబ్బులు తీసుకునేటప్పుడు ఉన్న హుషారు అడిగితే లేదు. రూములో టీవీ కూడా భక్తి ఛానల్ దగ్గరే ఆగిపోయింది. చివరికి కింద రిసెప్షన్ లో ఉన్న టీవీయే దిక్కయింది.

అక్కడే ఈ ట్రిప్ లో నాకు బాగా గుర్తుండిపోయే గంట గడిచింది. కొల్హాపూర్ నుంచి హరిప్రియ ఎక్స్‌ప్రెస్ లో వచ్చిన మరాఠీ కుటుంబం ఒకటి అప్పటికే సోఫాలు ఆక్రమించేసి ఉంది, వాళ్ళ జిల్లా కుర్రాడు స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల రైఫిల్ ఫైనల్ ఆడుతున్నాడు మరి. కాంస్యం ఖాయమవగానే ఆ పెద్దాయన లేచి కౌంటర్ కుర్రాడితో సహా అందరి నోట్లో పేడా స్వీట్ పెట్టాడు, వాళ్ళావిడ ఫోన్ లో ఊరికి కాల్ చేసి అరుస్తోంది, మాకు మరాఠీ రాదు, అయినా మేమూ అరిచాం. ఇక వెళ్ళిపోతారనుకుంటే నిఖత్ బౌట్ ఉందని తెలిసి మా కోసం జరిగి చోటిచ్చి వాళ్ళూ కూర్చున్నారు.

బౌట్ సంగతి తెలిసిందే. చైనా అమ్మాయి వూ యూ, 2023 ఢిల్లీ వరల్డ్ ఛాంపియన్‌షిప్ లో 52 కిలోల ఛాంపియన్, ఇక్కడ 50 కిలోల్లో టాప్ సీడ్. మనమ్మాయి 2022 ఇస్తాంబుల్ లో, 2023 ఢిల్లీలో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయ్యుండి కూడా సీడింగ్ లేకుండా దిగింది, అందుకే ఇంత త్వరగా ఎదురుపడ్డారు. వూ యూ దగ్గరికి రానివ్వకుండా కదులుతూ, వచ్చినప్పుడల్లా కౌంటర్ కొట్టి తప్పుకుంటూ పోయింది, నిఖత్ మూడో రౌండ్ లో కూడా ముందుకే వెళ్ళింది గానీ పంచ్ లు శుభ్రంగా తగల్లేదు. 5-0. జడ్జిలు ఐదుగురూ అటే ఇచ్చారు, నా కళ్ళకీ అలాగే కనపడింది.

బావమరిది తల దించుకుని కూర్చుంటే కౌంటర్ కుర్రాడు వచ్చి "ఏం కాదులే న్నా, మళ్ళా గెలస్తాది, ఆ పాప ఊరికే వదల్దు" అన్నాడు. ఆ కుర్రాడికి అప్పటిదాకా ఆమె పేరు కూడా తెలీదు. అదే టైమ్ లో ఫోన్ తెరిస్తే సోషల్ మీడియాలో ఒకటే తిట్లు, ఓవర్ రేటెడ్ అని, ఇంకా నీచంగా ఆమె మతం మీద కూడా, మొన్న ఆదివారం జర్మనీ అమ్మాయిని 5-0తో కొట్టినప్పుడు సింహం అన్న నోళ్ళే ఇవి. ఏడుస్తూ రింగ్ నుంచి వచ్చిన పిల్లని పట్టుకుని అలా ఎలా అంటారో నాకు అర్థం కాదు. గెలిస్తే భారత్ బిడ్డ, ఓడితే ఎవరి బిడ్డో అన్నట్టుంటే అది దేశాభిమానం కాదు, నా మాట నేను ఇక్కడ గట్టిగానే చెప్తున్నా. ఆ వూ యూయే చివరికి స్వర్ణం కూడా గెలిచింది.

సాయంత్రం అలిపిరి నుంచి నడక. 3550 మెట్లు, సగానికి పైగా నీడ, పైన కప్పు, తాగునీళ్ళు, బాత్‌రూములు బానే మెయింటైన్ చేస్తున్నారు, సామాన్లు కింద కౌంటర్ లో ఇస్తే ఫ్రీగా పైకి చేరుస్తారు, ఈ సర్వీస్ కి నా పూర్తి మార్కులు. గాలిగోపురం దాకానే కాళ్ళు పట్టేసేది, తర్వాత చాలావరకు చదునుగా ఉంటుంది, మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ కష్టం. పిల్లలుంటే పొద్దున్నే మొదలుపెట్టండి, చిరుతల భయం వల్ల మధ్యాహ్నం తర్వాత రూల్స్ ఉన్నాయి. శ్రీవారి మెట్టు 2388 మెట్లే గానీ అది చంద్రగిరి వైపు, అక్కడిదాకా ఆటో వాళ్ళు నోటికొచ్చింది అడుగుతారు. గాలిగోపురం దగ్గర సిగ్నల్ తగిలి చూస్తే బ్యాడ్మింటన్ డబుల్స్ లో సాత్విక్, చిరాగ్ మొదటి గేమ్ గెలిచి కూడా మలేషియా జంట చేతిలో పోయారు. సాత్విక్ మన అమలాపురం కుర్రాడు కదా, మళ్ళీ గుండె జారింది.

పైన రూమ్ దొరకలేదు, పీఏసీ (యాత్రికుల వసతి సముదాయం) హాల్లో లాకర్, చాప తీసుకున్నాం, ఉచితం, జనం ఎక్కువ, అయినా పడుకోవచ్చు. వెంగమాంబ అన్నప్రసాదం గురించి కొత్తగా చెప్పేదేముంది, అంతమందికి అంత వేడిగా ఎలా పెడతారో. రాత్రి పది దాటాక హాల్లో నాలుగైదు ఫోన్ల చుట్టూ గుంపులు, సింధు మ్యాచ్. తమిళ వాళ్ళు, కన్నడ వాళ్ళు, మేము. ఆమె కూడా హీ బింగ్‌జియావో చేతిలో 19-21, 14-21తో ఓడిపోయింది. మన తెలుగు వాళ్ళకి ఒకే రోజు మూడు దెబ్బలు. పక్కనున్న తమిళ తాతగారు రియోలో, టోక్యోలో రెండు పతకాలు తెచ్చిందయ్యా, ఇంకేం కావాలి అన్నట్టు చేత్తో రెండు వేళ్ళు చూపించారు.

శుక్రవారం దర్శనం సాఫీగానే అయింది. శనివారం చంద్రగిరి కోట, రాజమహల్ మ్యూజియం, శుక్రవారాలు మూసేస్తారు కాబట్టి ప్లాన్ చూసుకోండి. ప్రశాంతంగా ఉంది, చుట్టూ బోర్డులు ఇంకాస్త ఉంటే బాగుండేది. ఆ రాత్రి తిరుగు రైల్లో బాక్సర్ నిశాంత్ దేవ్ క్వార్టర్స్ చూశాం, మెక్సికో మార్కో వెర్డె చేతిలో 1-4. ఈసారి మాత్రం మేం స్కోరు ఒప్పుకోలేదు, ఒలింపిక్ పతకం తెచ్చిన బాక్సర్ విజేందర్ సింగ్ లాంటి వాడే ఆ స్కోరింగ్ ఏంటో అర్థం కాలేదన్నాడు. నిఖత్ ది ఒప్పుకున్నాం కాబట్టే ఇది గట్టిగా అనగలుగుతున్నాం.

మ్యాచ్ రోజు తిరుపతిలో ఉండాల్సొస్తే లాడ్జి వైఫై నమ్మకండి, సొంత డేటా పెట్టుకోండి, రూమ్ తీసుకునే ముందు టీవీ వేయించి చూడండి. కొండ పైన పీఏసీలో ఛార్జింగ్ పాయింట్లు తక్కువ, పవర్ బ్యాంక్ తప్పనిసరి.