బెల్ట్ ఆయిల్ స్కిమ్మర్: సోమవారం కంపు పోయింది, రబ్బరు ముక్క ఏడిపించింది

బాలానగర్‌లో మాది చిన్న షాపు. రెండు సీఎన్‌సీ లేత్‌లు (కంప్యూటర్‌తో నడిచే, లోహం చెక్కే మిషన్లు), ఒకటే షిఫ్టు. కోసేటప్పుడు చల్లబరిచే ద్రవం కూలెంట్. దాని మీద తేలే నూనెని తిరిగే బెల్టుకి అంటించుకుని బయటికి తీసేది స్కిమ్మర్. మా కూలెంట్ ట్యాంకుకి తగిలించిన ఈ స్కిమ్మర్ అంటే నాకు ఎందుకంత ఇష్టమో ఒక్క ముక్కలో చెప్తాను: సోమవారం షట్టర్ ఎత్తితే ముక్కు మూసుకోనక్కర్లేదు. మిషన్‌లో జారే భాగాలకి వేసే స్లైడ్‌వే ఆయిల్ కారి కూలెంట్ మీద పొర కడుతుంది. ఆదివారం మిషన్ ఆగి ఉంటుంది కాబట్టి ఆ పొర కింద గాలి ఆడక బాక్టీరియా పెరిగి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది.

కంపు పోతే చాలనుకుని కొన్నాను, రిజెక్షన్ కూడా తగ్గింది. కూలెంట్ కుళ్లితే పీహెచ్ పడిపోతుంది (ఆమ్లం వైపు జరుగుతుంది), ఎంఎస్ (మైల్డ్ స్టీల్) జాబ్‌లు, అంటే మేం చేసిన పార్టులు, ట్రేలోనే తుప్పు పడతాయి. వానాకాలంలో బుష్‌లు (గొట్టంలాంటి చిన్న పార్టులు) తుప్పు చుక్కలు పడి వెనక్కి రావడం మాకు మామూలే. ఇప్పుడది దాదాపు లేదు. మా ఆపరేటర్ మోచేతుల మీద దద్దుర్లూ తగ్గాయి. పైగా వాడేసిన నూనె కేంద్ర ప్రభుత్వ 2016 వ్యర్థాల రూల్స్ ప్రకారం ప్రమాదకర వ్యర్థం, నాలాలో పోయకూడదు. నూనె విడిగా డబ్బాలో పడుతోంది కాబట్టి రీసైక్లింగ్ వాళ్లకి ఇవ్వడం తేలికైంది.

అసలు గొడవ కాస్ట్ ఐరన్ ఆర్డర్‌తో వచ్చింది. ఆ నల్ల పొడి నూనెలో కలిసి పేస్టులా బెల్టుకి పట్టి, బెల్టు మీది నూనె గీకే రబ్బరు వైపర్ బ్లేడు అంచుని తినేసింది. స్కిమ్మర్ టైమర్ మీద రాత్రి నడిచింది. అరిగిన బ్లేడు సందుల్లోంచి కూలెంట్ కూడా డబ్బాలోకి పడుతూ పోయి, నిండి, నేలంతా జిడ్డు. పొద్దున్న ట్యాంకులో లెవెల్ లేక పంపు గాలి పీల్చింది, మొదటి జాబ్‌కే ఇన్సర్ట్ (లోహాన్ని కోసే మొన) మాడిపోయింది. అడిగితే డీలర్, "బ్లేడు వారంటీలోకి రాదు సార్" అన్నాడు. ఇప్పుడు నైట్రైల్ రబ్బరు షీటు కోసి మేమే వేసుకుంటున్నాం. కంపెనీ బ్లేడు కన్నా అదే నయం!

కంపు పోయిందన్నాను గానీ, ఆ గొప్పంతా స్కిమ్మర్‌ది కాదు. అదే సమయంలో రిఫ్రాక్టోమీటర్ కొని రోజూ గాఢత చూడటం, బోరు నీళ్లు మాని ఆర్‌వో నీళ్లు కలపడం మొదలుపెట్టాం. పంపు తిరుగుతుంటే నూనె కూలెంట్‌లో చిలికినట్టు కలిసిపోతుంది, బెల్టుకి పెద్దగా అంటదు. మిషన్ ఆగి ఉన్నప్పుడే దీని పని.

మూడు షిఫ్టులు నడిపేవాళ్లకి కూలెంట్ ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది, కంపు బాధ తక్కువ. వాళ్లకి ఈ ఖర్చు గిట్టుతుందా అంటే నేను చెప్పలేను. మాలా ఆదివారం తాళం వేసే షాపైతే తీసుకోవచ్చు. కొనేముందు ట్యాంకు మీద ఖాళీ చోటు కొలుచుకోండి. మా రెండో లేత్‌కి చిప్ కన్వేయర్ (లోహపు పొట్టుని బయటికి లాగే పట్టీ) అడ్డొచ్చి ఇది పట్టనే లేదు.