పిప్పి పన్ను కాపాడుకోవాలా, పీకించి ఇంప్లాంట్ వేయించుకోవాలా: ఏది మేలు?

పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అంటారు. ఊడగొట్టుకోవడం వరకూ నిజమే. ఊడిన సందులో ఏం పెట్టాలి, అసలు ఊడగొట్టుకునే అవసరం ఉందా లేదా అన్నవి మాత్రం అంత తేలిగ్గా తేలవు.

నా నోట్లో రెండూ ఉన్నాయి. కుడివైపు కింద రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసిన దవడ పన్ను, ఎడమవైపు కింద టైటానియం ఇంప్లాంట్. రోజూ రెండిటితోనూ నములుతున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తా: నిలబడే పన్నును నిలబెట్టుకోవడమే మేలు. చిక్కంతా ఆ "నిలబడే" అన్న మాటలోనే ఉంది. నొప్పిని బట్టి అది తేలదు. రాత్రంతా నిద్రపోనివ్వని పన్ను వైద్యం చేస్తే ఏళ్ల తరబడి బతకొచ్చు. కిక్కురుమనని పన్ను లోపల నిలువునా చీలి ఉండొచ్చు.

పంటి నడుమ నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని గుజ్జు ఉంటుంది. పిప్పి అక్కడిదాకా తవ్వుకుంటూ వెళ్తే క్రిములు చేరి గుజ్జు వాస్తుంది. చుట్టూ గట్టి గోడలు, వాయడానికి చోటు లేదు. అందుకే ఆ పోటు. రూట్ కెనాల్‌లో ఆ గుజ్జు తీసేసి, వేరు లోపలి నాళాలను సన్నటి ఫైళ్లతో గీకి, సోడియం హైపోక్లోరైట్‌తో పదేపదే కడిగి, గట్టాపెర్చా అనే చెట్టుపాల పదార్థంతో మూసేస్తారు. చెప్పినంత తిన్నగా ఉండవు ఆ నాళాలు. పై దవడ మొదటి పెద్ద పన్నుకి మామూలుగా మూడు వేర్లే. కానీ సగానికి పైగా పళ్లలో నాలుగో నాళం ఒకటి నక్కి ఉంటుంది. అది కంటపడకపోతే అందులోని క్రిములు అక్కడే కాపురం ఉంటాయి. కొన్ని నెలలకో ఏళ్లకో చిగురు మీద చిన్న చీము పొక్కు లేస్తుంది. మైక్రోస్కోప్ పెట్టి వెతికే డాక్టరు చేతిలో ఈ నాళం దొరికే అవకాశం ఎక్కువ. పని చేసేటప్పుడు పంటి చుట్టూ రబ్బరు డ్యామ్ అనే పలచటి రబ్బరు తెర తొడుగుతున్నారా లేదా అన్నది కూడా చూడండి. లాలాజలం లోపలికి కారుతుంటే ఎంత కడిగినా కడిగినట్టు కాదు.

ఇంప్లాంట్‌లో పన్ను పీకేసి, దవడ ఎముకలో టైటానియం మర బిగిస్తారు. ఎముక దాన్ని పట్టుకునేదాకా సాధారణంగా కొన్ని నెలలు ఆగి, పైన క్యాప్ పెడతారు.

ఈ రెండు వైద్యాలకూ 1965 మరచిపోలేని ఏడాది కావడం నాకు తమాషాగా ఉంటుంది. ఆ ఏడాదే అమెరికాలో కాకెహాషి, స్టాన్లీ, ఫిట్జెరాల్డ్ తమ ఎలుకల ప్రయోగాన్ని ప్రచురించారు. ఎలుకల పళ్లకు గుజ్జు బయటపడేలా బెజ్జాలు వేసి, అలాగే తెరిచి వదిలేశారు. మామూలు ఎలుకల్లో గుజ్జు కుళ్లిపోయింది, వేరు కొసన చీము పట్టింది. క్రిమి అన్నది తగలకుండా పెంచిన ఎలుకల్లో మాత్రం గుజ్జు బతికింది, బెజ్జం మీద కొత్త పొర కట్టుకుంది. దోషం గాయానిది కాదు, క్రిములదని తేలిపోయింది. అదే ఏడాది స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ తొలిసారి ఒక మనిషికి టైటానియం ఇంప్లాంట్లు వేశాడు. కుందేలు ఎముకలో రక్తప్రసరణ గమనించడానికి పెట్టిన టైటానియం పరికరం ఎముకతో కలిసిపోయి ఊడిరాకపోవడమే దీనికి మూలం. ఆ తొలి మనిషి యోస్తా లార్సన్ 2006లో పోయాడు. నలభై ఏళ్లు దాటినా ఆ మరలు అతని దవడలోనే ఉన్నాయి.

అంటే ఇంప్లాంట్ నిలవదని ఎవరూ అనలేరు. పేచీ అంతా అంకెల్ని పక్కపక్కన పెట్టే తీరులో ఉంది. "ఇంప్లాంట్ అయితే 95 శాతం సక్సెస్, రూట్ కెనాల్‌కి అంత గ్యారంటీ లేదు" అనే మాట మీరూ వినే ఉంటారు. ఇంప్లాంట్ అధ్యయనాలు చాలావాటిలో మర నోట్లో ఉంటే చాలు, లెక్కలో పడిపోతుంది. చిగురు వాచినా, ఎముక కాస్త తగ్గినా ఉన్నట్టే. రూట్ కెనాల్‌కి మాత్రం ఎక్స్‌రేలో వేరు కొసన ఉన్న నల్లటి నీడ పూర్తిగా పోతేనే సక్సెస్ అని రాస్తారు. ఒకరికి పాస్ మార్కులు చాలు, ఇంకొకరికి డిస్టింక్షన్ రావాలి! ఇద్దరినీ ఒకే కొలబద్దతో కొలిస్తే? 2004లో అమెరికాలో బీమా రికార్డుల నుంచి 14 లక్షలకు పైగా రూట్ కెనాల్ పళ్లను లెక్కతీశారు. ఎనిమిదేళ్ల పరిశీలనలో 97 శాతం నోట్లోనే ఉన్నాయి. ఇంప్లాంట్లు పదేళ్లకు 95 శాతం చొప్పున నిలుస్తున్నాయని అధ్యయనాల సమీక్షలు చెబుతున్నాయి. పోటీ సమానమే.

2006లో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు మరీ నచ్చుతుంది. 196 ఇంప్లాంట్లను, వాటికి జోడీ కుదిరే 196 రూట్ కెనాల్ పళ్లను ఎదురెదురు పెట్టి చూశారు. విఫలమైనవి రెండువైపులా 6.1 శాతమే. తేడా ఎక్కడ వచ్చిందంటే, నిలిచినా మళ్లీ డాక్టరు చేయి పడాల్సి వచ్చినవి ఇంప్లాంట్లలో 17.9 శాతం, రూట్ కెనాల్‌లో 3.6 శాతం. నా ఎడమవైపు దానికి కూడా ఒకసారి లోపలి స్క్రూ వదులై క్యాప్ కదిలింది. బిగించడం పది నిమిషాల పనే. కానీ అది కదులుతోందని నాకు తెలిసేసరికే కొన్ని వారాలు గడిచాయి. ఈ అధ్యయనాల్లో ఎవరికి ఏ వైద్యం అన్నది చీటీ తీసి నిర్ణయించలేదు, డాక్టర్లూ రోగులూ ఎంచుకున్నారు. కాబట్టి అంకెల్ని మరీ గట్టిగా పట్టుకోకండి.

స్క్రూ వదులైన సంగతి అంత ఆలస్యంగా తెలియడానికి కారణం ఉంది. సొంత పంటి వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందాన ఒక తంతువుల పొర ఉంటుంది. పంటి కింద రాయి పడితే మెదడుకి తక్షణం చెప్పేది అందులోని నరాలే. రూట్ కెనాల్‌లో తీసేది లోపలి గుజ్జునే కాబట్టి ఈ పొర చెక్కుచెదరదు. నరం తీసేసిన పన్నుతో కొరికినా నలక పడితే ఠక్కున తెలిసేది అందుకే. ఇంప్లాంట్‌కి ఆ పొర లేదు, నేరుగా ఎముకలో దిగి ఉంటుంది. డాక్టరు అద్దం కాడతో తడితే కుడి పన్ను 'టక్' అంటుంది, ఎడమది లోహంలా 'టింగ్' అంటుంది. గట్టిది నోట్లో పడితే నా దవడ తనంతట తానే కుడివైపుకి తోస్తుంది.

అంత నచ్చితే ఎడమ పన్ను ఎందుకు పోగొట్టుకున్నానంటారా? నా నిర్లక్ష్యం. దానికీ మొదట రూట్ కెనాలే చేశారు. నొప్పి పోయింది, ఇంకేముందని క్యాప్‌కి వెళ్లలేదు. ఏడు నెలలకు నములుతుండగా పుల్ల విరిగిన చప్పుడు. పన్ను మధ్యకి వేరుదాకా చీలిపోయింది. చీలిన వేరును అతికించే వైద్యం లేదు, పీకాల్సిందే. ఇందాకటి బీమా రికార్డుల్లో పీకాల్సి వచ్చిన పళ్లను విడిగా తీసి చూస్తే, వాటిలో 85 శాతానికి పూర్తి క్యాప్ లేదు. క్యాప్ లేని రూట్ కెనాల్ పళ్లు ఉన్నవాటికంటే ఆరు రెట్ల వేగంగా పోతాయని 2002 నాటి ఇంకో అధ్యయనం చెప్పింది. వెనక పళ్ల విషయంలో రూట్ కెనాల్ సగం వైద్యం, మిగతా సగం క్యాప్. "రూట్ కెనాల్ నిలవదు" అనేవాళ్లను క్యాప్ వేయించారా అని అడిగి చూడండి.

ఆ క్యాప్ పట్టుకోవడానికి చుట్టూ గట్టి పన్ను ఉండాలి. చిగురు పైన కనీసం ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎత్తున ఆరోగ్యమైన గోడ, వీలైనంతవరకు చుట్టూరా. అసలు నిర్ణయం నాకు అక్కడే కనిపిస్తుంది. ఆ గోడ ఉంటే కాపాడుకోవడమే. పిప్పి చిగురు కిందకి దిగిపోయి గోడ అన్నదే మిగలకపోతే రూట్ కెనాల్ ఎంత బాగా చేసినా పైకట్టు నిలవదు. అప్పుడు పట్టుదలకి పోవడం శ్రమ దండగ. వేరు నిలువునా చీలినా, చిగుళ్ల జబ్బుతో ఎముక బాగా కరిగి పన్ను ఊగిపోతున్నా అంతే. డాక్టర్ని "నొప్పి తగ్గుతుందా" అని కాకుండా "చిగురు పైన ఎంత పన్ను మిగులుతుంది" అని అడగండి.

చిగుళ్ల జబ్బుతో పళ్లు పోయినవాళ్లు ఇంప్లాంట్‌తో ఆ పీడ వదిలిందనుకుంటారు. టైటానియం పిప్పి పట్టదు, నిజమే. దాని చుట్టూ ఉన్న చిగురుకి, ఎముకకి మాత్రం జబ్బు వస్తుంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష లెక్కన ఇంప్లాంట్లున్నవాళ్లలో దాదాపు 43 శాతానికి చుట్టూ చిగురు వాపు, 22 శాతానికి ఎముక కరిగే దశ ఉన్నాయి. పొగతాగేవాళ్లకి, అదుపులో లేని షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ. ఎదిగే వయసు పిల్లలకి ఇంప్లాంట్ వేయరు. దవడ పెరుగుతుంటే మర ఉన్నచోటే ఉండిపోయి పన్ను పల్లంలో పడుతుంది. ఎముకలు గుల్లబారకుండా బిస్ఫాస్ఫొనేట్ మందులు వాడేవాళ్లు పన్ను పీకించుకునే ముందే ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. పీకిన చోట ఎముక మానకుండా చచ్చిపోయే ప్రమాదం ఉంది.

మూడో దారి బ్రిడ్జి. సందుకి రెండువైపులా ఉన్న పళ్లను అరగదీసి వంతెనలా కట్టడం. ఆ పక్క పళ్లకి ఎలాగూ క్యాప్‌లు కావాల్సి ఉంటే మంచి ఎంపికే. నిక్షేపంలాంటి పళ్లను అరగదీయాలంటే మాత్రం నాకు మనసొప్పదు. సందు అలాగే వదిలేద్దామంటే, పీకిన తొలి ఏడాదిలోనే అక్కడి ఎముక గట్టు వెడల్పు దాదాపు సగానికి తగ్గిపోతుంది. అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. తర్వాత ఇంప్లాంట్ కావాలంటే ఎముక పొడి వేసి పెంచాల్సి రావచ్చు. చివరి జ్ఞానదంతమైతే ఏమీ పెట్టక్కర్లేదు.

రూట్ కెనాల్ అనగానే భయపడేవాళ్ల కోసం ఒక లెక్క. 2011 నాటి సమీక్షలో నొప్పిని వందకి కొలిస్తే చేయించుకోకముందు సగటు 54, మర్నాటికి 24, వారానికి 5. భయపడాల్సింది చేయించుకోకుండా గడిపే రాత్రులకే. ఇక నరం తీసిన పన్ను ఒంట్లోకి విషం చిమ్ముతుందనే ప్రచారం. దాని వేళ్లు 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ చేసిన ప్రసంగంలోనూ, ఆ తర్వాత అమెరికా దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్ కుందేళ్ల ప్రయోగాల్లోనూ ఉన్నాయి. ఆ ప్రయోగాల్లో సరైన పోలిక గుంపులు లేవని తర్వాత తేలింది. ఈలోగా ఆ సిద్ధాంతాన్ని నమ్మి లెక్కలేనన్ని మంచి పళ్లు పీకేశారు.

నా కుడి పన్ను వేరు కొసన మొదట కందిగింజంత నీడ ఉండేది. ఏడాది తర్వాత తీసిన ఎక్స్‌రేలో సగమైంది. పూర్తిగా మానిందో లేదో తేల్చడానికి నాలుగేళ్ల వరకూ చూస్తారు. నాకిది మూడో ఏడు. నీడ పోకపోతే మళ్లీ తెరిచి శుభ్రం చేయొచ్చు, అదీ కాకపోతే వేరు కొసను కోసి మూయొచ్చు, అప్పటికీ కాకపోతే ఎడమవైపు బిగించిన మరలాంటిదే ఇటూ బిగించొచ్చు. పీకేసిన ఎడమ పన్నుకి ఇందులో ఏ దారీ మిగల్లేదు.