బెజవాడ ఆటోనగర్‌లో చేయించిన గూడు: సవానా మానిటర్ అందులోకి మారిన ఎనిమిది నెలల తర్వాత

ముందు ఒక విషయం చెప్పేస్తాను. మా ఇంట్లో ఉన్నది మన చేలల్లో తిరిగే ఉడుము కాదు. ఆఫ్రికా జాతి ఉడుము, సవానా మానిటర్, కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాం. మన ఉడుము వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1లో ఉంది, దాన్ని పట్టుకుంటే మూడేళ్ళకు తగ్గకుండా జైలు శిక్ష పడే కేసు. ఇది చదివి ఎవరైనా తెనాలి వైపు పొలాల్లోంచి ఒకదాన్ని తెచ్చుకుందామనుకుంటే దయచేసి ఆ ఆలోచన మానుకోండి.

ఇక గూడు సంగతి. మొదట ఊళ్ళో ఒక షాపులో నాలుగడుగుల రెడీమేడ్ గాజు ట్యాంకు కొన్నాను, పెద్దదైనా ఇదే సరిపోతుందన్నారు, ఒక ఎర్ర బల్బు, కొబ్బరి పీచు కూడా ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి అది తోకతో కలిపి మూడడుగులైంది, ఒకటిన్నర అడుగు వెడల్పు ట్యాంకులో సరిగా ఒళ్ళు తిప్పుకోలేకపోయేది. రోజంతా గాజు మూల గీకుతూ ముక్కు పుండు చేసుకుంది. మూత తీస్తే చాలు ఒళ్ళు ఉబ్బించి బుస కొట్టడం, తోకతో చరచడం. నీళ్ళ గిన్నె తీయబోయి ఒకసారి బొటనవేలు ఇచ్చేశాను, అది పట్టింది, వదల్లేదు. ఉడుమూ వద్దు, చెయ్యి వదిలితే చాలు అన్న సామెత ఎందుకు పుట్టిందో ఆ రెండు నిమిషాల్లో పూర్తిగా తెలిసింది. దీని స్వభావమే ఇంత, కోపిష్టిది అనుకున్నాను. అది నా తప్పు. ఆఫ్రికా గడ్డి మైదానాల్లో ఇవి బొరియల్లో బతికే జీవులు, దాక్కోవడానికి మట్టి లేకుండా నాలుగు వైపులా గాజు పెడితే దానికి ప్రతి నిమిషం ఎవరో మీదికి వస్తున్నట్టే ఉంటుంది.

అందుకని ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే ఒక షెడ్డుకు వెళ్ళాను. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల ఎత్తు, అందులో రెండడుగుల మట్టి అని చెప్పాను. మేస్త్రీ కాగితం మీద ఏదో లెక్క వేసుకుని, "ఇల్లు కిందా పైనా సార్?" అని అడిగాడు. పైన, రెండో అంతస్తు అన్నాను. "అయితే వద్దు" అన్నాడు. 64 ఘనపుటడుగుల తడి మట్టి అంటే దాదాపు మూడు టన్నులు, ఇళ్ళ శ్లాబులకు చదరపు మీటరుకు 200 కిలోల బరువు లెక్క కడతారు, ఇది దానికి ఐదు రెట్లకు దగ్గర. ఆ ఒక్క ప్రశ్న అడిగినందుకే ఈ షెడ్డుకు ఎన్ని మార్కులైనా వేస్తాను. కింద వెనక గది ఖాళీ చేసి అక్కడే పెట్టించాం. అడుగున లారీ ఫ్లోర్ లాగా అడుగుకొకటి అడ్డ చానల్ వేసి, లోపల మట్టి తగిలినంత ఎత్తు ఫైబర్ పూత పోశారు. తడి మట్టి ఎనిమిది నెలలుగా ఉన్నా ఎక్కడా తుప్పు లేదు, చుక్క కారలేదు.

లోపాలూ ఉన్నాయి. పది రోజులన్నది నెల పట్టింది, రోజూ ఫోన్లు, ఒకటే టెన్షన్. గాలికి పెట్టిన మెష్ కొసలు లోపలికి పొడుచుకొచ్చి ఉంటే నేనే కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించాను, చూసుకోకపోతే మళ్ళీ ముక్కు చీరుకునేది. జరిపే గాజు తలుపుల ట్రాక్ మట్టికి రెండంగుళాల ఎత్తులోనే పెట్టారు, అది తవ్వినప్పుడల్లా మట్టి పడి బిగుసుకుంటోంది. కనీసం ఆరంగుళాలు ఎత్తులో పెట్టించుకోండి. పైకప్పు మొత్తం మెష్ వేస్తామన్నారు, నేను ఒప్పుకోలేదు, తేమ అంతా పోతుంది. పేరులో సవానా ఉంది కదా అని పొడిగా ఉంచితే ఈ జంతువు లోలోపల ఎండిపోయి చస్తుంది.

దీపాల కింద రాయి మీద 55 నుంచి 60 డిగ్రీలు ఉండాలి, టెంపరేచర్ గన్‌తో చూసుకోవాలి. చిన్న హాలోజెన్లు మూడు పక్కపక్కన పెడితే ఒళ్ళంతా సమంగా వేడెక్కుతుంది, ఒకే పెద్ద బల్బుకు వీపు మధ్య కాలుతుంది. కానీ చలిదేశాల వాళ్ళకు వేడి చేయడం కష్టమైతే బెజవాడలో చల్లబరచడం కష్టం. మే నెలలో గదిలోనే 39 ఉంటే దీపాలు పొద్దున రెండు గంటలే వేసి, మధ్యాహ్నం ఏసీ పెట్టేవాణ్ణి. కరెంటు పోయిన ఒక రోజు భయమేసి బొరియలోకి థర్మామీటర్ ప్రోబ్ దింపి చూశాను, గదికన్నా ఏడు డిగ్రీలు తక్కువ. రెండడుగుల మట్టికి పెట్టిన ప్రతి రూపాయీ ఆ రోజు దక్కింది. ఎర్రమట్టి, ఇసుక కలిపి, పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలిచేంత తడిపితే బొరియ కూలదు.

గూడు మారిన మొదటి నెల అది నాకు సరిగా కనపడనే లేదు. తవ్వుకుని లోపలే ఉంది. నేను కదిలించలేదు, పట్టుకార్రతో బొద్దింకలు, మిడతలు ఇచ్చి తప్పుకున్నాను. వారానికో ఎలుక వేయమని షాపులో చెప్పిన మాట పూర్తిగా మానేశాను, వీటికి అడవిలో పురుగులూ నత్తలే ఎక్కువ తిండి, ఎలుకలతో కొవ్వు పట్టి చస్తాయి. మూడో నెలకు తలుపు చప్పుడుకు బయటికి రావడం మొదలైంది. ఇప్పుడు గుడ్డ చుట్టిన నా చేతి పక్కనే పడుకుని వేడి కాచుకుంటుంది, పైనుంచి చెయ్యి వస్తే మాత్రం ఇప్పటికీ ఉబ్బుతుంది, గద్ద వచ్చేది అటునుంచే కదా. ఎత్తుకుని ఫొటోలు దిగే జంతువు కాదిది, అలాంటి ఆశ ఉంటే కొనకండి.

దీపాలు, మట్టి కాకుండా గూడుకు 72 వేలు అయింది. సగం అడ్వాన్సు ఇచ్చి, మెష్ కొసలు బయటికే మడవాలని మొదటి రోజే చెప్పండి, వెల్డింగ్ అయ్యాక చెబితే పని జరగదు.