గోతో షింపే: తైవానా, మంచూరియానా, టోక్యోనా?

జపాన్ వైద్యుడు, పాలనాధికారి గోతో షింపే ప్రస్తావన వచ్చినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: ఆయన సామర్థ్యాన్ని తైవాన్‌లో చూడాలా, మంచూరియాలో చూడాలా, భూకంపం తరువాతి టోక్యోలో చూడాలా? నా మొగ్గు తైవాన్ వైపే. ఆయన ఏమి సాధించారో, దానికి ఎవరు మూల్యం చెల్లించారో రెండూ ఒకేచోట కనిపించేది అక్కడే.

టోక్యో పక్షాన వాదించేవారి మాటలో బలం ఉంది. 1923 సెప్టెంబరు 1న భూకంపం నగరాన్ని నేలమట్టం చేస్తే, మరునాడే హోంమంత్రి పదవి చేపట్టిన గోతో, కాలిపోయిన నేలనంతా ప్రభుత్వమే కొని వీధులను కొత్తగా తీర్చాలని తలపోశారు. భూస్వాములు, పార్లమెంటు సభ్యులు అడ్డుపడటంతో ఆ ప్రణాళికలో చాలా భాగం కోతకు గురైంది. 1924 జనవరిలో మంత్రివర్గమే దిగిపోయింది. అయినా షోవా దోరి వంటి విశాలమైన రహదారులు, సుమిదా ఉద్యానవనం మిగిలాయి. అయితే అవే రోజుల్లో కొరియన్లపై జరిగిన హత్యాకాండను పక్కనపెట్టి ఈ ఘట్టాన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు.

అప్పట్లో జపాన్ వలసగా ఉన్న తైవాన్‌లో ఆయనను అడ్డుకునే చట్టసభ లేదు. 1896 నాటి 63వ చట్టం గవర్నర్ జనరల్ ఉత్తర్వుకే శాసనబలం ఇచ్చింది. గవర్నర్ జనరల్ కొదామా గెంతారో 1898 నుంచి 1906 దాకా పౌరపాలనను గోతోకే వదిలారు. నా దృష్టిలో నిర్ణాయకమైన అంశం ఇదే. వైద్యుడైన గోతో మందుకు ముందు పరీక్ష అన్నట్లు, శాసనాలకు ముందు స్థానిక ఆచారాలను పరిశోధింపజేశారు, భూమిని కొలిపించారు. సర్వేతో పన్ను కట్టవలసిన భూమి బాగా పెరిగింది. పైస్థాయి శిస్తు హక్కుదారులకు బాండ్లు ఇచ్చి 1904లో వారి హక్కును రద్దు చేశారు. నల్లమందును ఒక్కసారిగా నిషేధించక, లైసెన్సులు ఇచ్చి ప్రభుత్వ గుత్తాధిపత్యం కింద ఉంచారు. 1900లో లైసెన్సుదారులు సుమారు 1,69,000 మంది. వ్యసనాన్ని క్రమంగా తగ్గించడమే ఆశయమని చెప్పినా, ఖజానాకు అందిన రాబడి తక్కువది కాదు.

ఈ లెక్కల పక్కనే 1898 నవంబరు నాటి బందిపోట్ల శిక్షా శాసనం ఉంది. ప్రతిఘటించినవారికి మరణశిక్ష విధించేందుకు వీలిచ్చిన ఆ శాసనపు నీడలో 1902 నాటికి పదివేల మందికి పైగా తైవానీయులు ప్రాణాలు కోల్పోయారు. ఒకరి నేరానికి ఇరుగుపొరుగు కుటుంబాలన్నిటినీ బాధ్యుల్ని చేసే పాత హోకో పద్ధతిని గోతో పోలీసు చేతికి అప్పగించారు. సర్వే సిబ్బంది పల్లెల్లో నిలవగలిగింది ఈ భయం మీదనే.

మంచూరియా గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. ఈశాన్య చైనాలో జపాన్ నడిపిన దక్షిణ మంచూరియా రైల్వేకు తొలి అధ్యక్షుడిగా ఆయన పనిచేసింది 1906 నవంబరు నుంచి 1908 జులై వరకే. పరిశోధనా విభాగం నెలకొల్పడం, పట్టాలను ప్రామాణిక వెడల్పుకు మార్చడం ముఖ్యమైనవి. వాటిలో పరిశోధనా విభాగపు మూలాలు తైవాన్‌లోనే ఉన్నాయి. తరువాతి తంతి తపాలా, విదేశాంగ మంత్రి పదవులు ఈ పోలికలోకి రానంత చిన్నవి.

అందుకే గోతోను చదవడం మొదలుపెట్టేవారికి నా సలహా తైవాన్ భూసర్వే. దానితోపాటే ఆ శిక్షా శాసనాన్నీ చదవాలి.